కనిపెట్టుకొనియుండిన జార్జి ముల్లరు

ఇంగ్లండు దేశపు పశ్చిమభాగమున బ్రిస్టలు నగరమునకు ఉత్తరముగా ఆష్లీ డౌన్ అను మెరకభూమి కలదు. ఆ మెరకమీద 1849 మొదలు 1870 వరకు గల 21 సంవత్సరములలో ఐదు పెద్ద రాతికట్టడములు లేచినవి. తల్లిదండ్రులు లేని 2,050 మంది బాలబాలికలు ఒక్కసారిగా వానియందు నివసించుటకును, భుజించుటకును, చదువుకొనుటకును వసతి ఏర్పడినది. వీనిని కట్టించినవాడు రాజు కాడు, ప్రభువు కాడు, వర్తకుడును కాడు. నెలజీతమైనను లేని ఒక బోధకుడు. చందాలకొరకు ఆయన ఎవరి గుమ్మమును తొక్కలేదు. తనకు ఇంత సొమ్ము కావలసియున్నదని అడిగినవారికి సైతము చెప్పలేదు. తన అక్కరను దేవునికి మాత్రము విన్నవించి కనిపెట్టుకొనియుండుట ఆయన పద్ధతి.

తెలుగు బైబిలులో ఈ కనిపెట్టుకొనుట అను మాట తరచుగా కనబడుచుండును. వేచియుండుట అని దాని భావము. కాని లోకవ్యవహారమునందు కనిపెట్టుట యనగా జాగ్రత్తగా చూచుచుండుట అనియు, తెలియని దానిని తెలిసికొనుట అనియు అర్థములున్నవి. చేతులు కట్టుకొని కూర్చుండుట ఈ అర్థములలో ఏ ఒక్కటియు కాదు. జార్జి ముల్లరు జీవితమును పరిశీలించువారికి ఈ మాట మిక్కిలి చక్కగా బోధపడును.

ఆయన పుట్టుక ఇంగ్లండులో కాదు. 1805 సెప్టెంబరు 27వ తేదీన ప్రష్యా రాజ్యములోని క్రోపెన్‌స్టెట్ అను గ్రామమున జన్మించెను. తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పదియేండ్లు నిండకమునుపే ఆ బాలుడు తండ్రియొద్దనున్న సర్కారు సొమ్మును దొంగిలించుట నేర్చెను. తండ్రికి అనుమానము కలిగి, ఒకనాడు కొంత సొమ్మును లెక్కపెట్టి గదిలో ఉంచి వెళ్లెను. తిరిగివచ్చి చూడగా తక్కువపడినది. బాలుని సోదా చేయగా పాదము క్రింద, బూటులోపల ఆ సొమ్ము దొరికెను. పదునాలుగవయేట తల్లి మరణించిన రాత్రి, ఆమె సంగతి తెలియక, అతడు రెండుగంటలవరకు పేకాట ఆడుచుండెను. పదునారవయేట పూటకూళ్ల యిండ్లలో దర్జాగా బసచేసి, డబ్బు చెల్లింపక పారిపోవుచు పట్టుబడి వోల్ఫెన్‌బ్యూటెల్ పట్టణపు చెరసాలలో కొన్ని వారములు గడపెను. తండ్రి బాకీ తీర్చి విడిపించుకొనిపోవలసి వచ్చెను. కోరినది కోరిన క్షణముననే కావలెను, దానికి ఏ దారియైనను సరే. ఇదియే ఆనాటి అతని స్వభావము.

తండ్రి అతనిని మతాచార్యుని చేయవలెనని తలంచెను. దైవభక్తి అందులకు కారణము కాదు. మతాచార్యునికి మంచి యిల్లు, స్థిరమైన రాబడి ఉండును. ముసలితనమున తానును కుమారునితో సుఖముగా ఉండవచ్చునని ఆయన లెక్క. ముల్లరు చదువులో చురుకైనవాడే. విద్యార్థి దశలోనే సొంతముగా 300 గ్రంథములు సమకూర్చుకొనెను. గ్రంథాలయమునకు వచ్చిపోవువారు గమనింపదగిన ముచ్చట ఒకటి ఇచ్చట ఉన్నది. మతాచార్యుడు కాబోవు ఆ యువకుని 300 పుస్తకములలో బైబిలు ఒక్కటి లేదు.

1825లో అతడు హాలే విశ్వవిద్యాలయమున చేరెను. ఆ సంవత్సరము నవంబరు మాసమున ఒక శనివారము సాయంకాలము బేటా అను మిత్రుడు అతనిని వాగ్నరు అను సామాన్య వర్తకుని యింటికి తీసికొనిపోయెను. అచ్చట కొందరు కూడి పాట పాడిరి, బైబిలునుండి ఒక అధ్యాయము చదివిరి, అచ్చుపడిన ప్రసంగమొకటి చదివిరి. మతాచార్యుడు లేనిచోట లేఖనములకు స్వయముగా వ్యాఖ్యానము చేయుట ఆ రాజ్యపు చట్టమునకు విరుద్ధమగుటచే అట్లు చేయుచుండిరి. అంతలో ఒకడు మోకాళ్లూని ప్రార్థించెను. ముల్లరు అంతకుముందు ఎవరును మోకాళ్లూని ప్రార్థించుట చూచియుండలేదు. తానింత చదువుకొన్నవాడయ్యు ఈ చదువులేని మనిషివలె ప్రార్థింపజాలనని అతనికి తోచెను. ఆ సాయంకాలము అతని జీవితమున మలుపు తిప్పినది.

అయితే మనిషి ఒక్కరాత్రిలో మారిపోయెనని చెప్పుట సరికాదు. దుర్వ్యసనములు చాలవరకు విడిచెను గాని, తొందరపాటు విడువలేదు. తాను మిషనరీగా పరదేశములకు పోవలెనా వద్దా అను ప్రశ్నకు దేవుని యుత్తరము వెంటనే కావలెనని చీట్లు వేసి చూచెను. అదియు చాలక సర్కారువారి లాటరీ టిక్కెట్టు ఒకటి కొనెను. బహుమానము వచ్చినచో పోవలసినదని అర్థము చేసికొనవచ్చుననుకొనెను. కొద్దిపాటి సొమ్ము వచ్చెను కూడ! అయినను మిషను సంఘమువారు తండ్రి సమ్మతి లేనిదే చేర్చుకొనమనిరి, తండ్రి సమ్మతింపలేదు. లాటరీ చెప్పిన జవాబు అంతటితో ముగిసెను. ఈ సంగతిని పిమ్మట ముల్లరు దాచలేదు. తన అజ్ఞానమునకు గుర్తుగా స్వయముగా వ్రాసికొనెను.

బైబిలు విషయమున కూడ అట్లే జరిగెను. మారుమనస్సు పొందిన తరువాత తొలి నాలుగు సంవత్సరములు ఆయన చదివినవి ఎక్కువగా కరపత్రములు, మిషను పత్రికలు, ప్రసంగములు, భక్తుల చరిత్రలు. బైబిలు కష్టముగా తోచుటచే కొంచెమే చదువుచుండెను. కొంచెమే చదువుటచే అది మరింత కష్టముగా తోచుచుండెను. 1829లో యూదులకు సువార్త బోధించు ఒక సంఘమునందు శిక్షణ పొందుటకై ఆయన లండను చేరెను. ఆరోగ్యము చెడి, గాలిమార్పునకై దక్షిణ సముద్రతీరమునందలి టిన్‌మత్ పట్టణమునకు పోయెను. అచ్చట హెన్రీ క్రెయిక్ అను స్కాట్లండు దేశస్థునితో స్నేహము కలిసెను. ఆ స్నేహము 1866లో క్రెయిక్ మరణించువరకు చెడలేదు. ఆ వేసవిలోనే లేఖనములే ప్రమాణమనియు, వానిని చదువువాడు వ్యాఖ్యానములకొరకు పరుగెత్తకముందు ప్రార్థనతో కనిపెట్టవలెననియు ఆయనకు తెలిసెను. గదిలో ఒంటరిగా తలుపు మూసికొని ప్రార్థించుచు చదువ మొదలుపెట్టెను. పాతనిబంధన మొదటినుండి కొంత, క్రొత్తనిబంధన మొదటినుండి కొంత, ప్రతిదినము ఎక్కడ ఆపినది గురుతు పెట్టుకొని మరునాడు అక్కడనుండి సాగుట ఆయన నియమము. నచ్చిన అధ్యాయములను మాత్రము ఏరుకొని చదువుట ఆయనకు సమ్మతము కాదు. ఈ విధముగా తన జీవితకాలమున సుమారు 200 పర్యాయములు ఆ గ్రంథమును ఆద్యంతము పఠించెను.

1830లో టిన్‌మత్ సంఘమునకు బోధకుడయ్యెను. ఆ యేడు అక్టోబరులో మేరీ గ్రోవ్స్ అను ఆమెను పెండ్లాడెను. మేరీ సోదరుడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పేరు ఆంధ్రులు ఎరుగదగినది. ఆయన దంతవైద్య వృత్తిని, దానివలని రాబడిని వదలుకొని మొదట బాగ్దాదునకు, అటుపిమ్మట భారతదేశమునకు వచ్చి, చిత్తూరునందు పెక్కేండ్లు నివసించెను. 1836లో ఆయన వెంట ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు కుటుంబములతో మచిలీపట్టణమునను, పిదప నరసాపురమునను నిలిచి గోదావరి డెల్టాలో పనిచేసిరి. గ్రోవ్స్ జబ్బుచేసి స్వదేశమునకు పోయి, 1853లో బ్రిస్టలునందు ముల్లరు యింటనే కన్నుమూసెను.

పెండ్లియైన కొద్దిదినములకే ముల్లరు దంపతులు సంఘము ఇచ్చుచుండిన జీతమును వద్దనిరి. ఏడాదికి 55 పౌనులు ఆ జీతము. దేవాలయమున ముందు బల్లలు ధనికులకు, వెనుక బల్లలు బీదలకు అద్దెకిచ్చి ఆ జీతము కూర్చుచుండిరి. అది న్యాయము కాదని ముల్లరు తలంచెను. ఎవరైన ఇష్టపడి వేయదలచినది వేయుటకు ఒక పెట్టె మాత్రము ఉంచిరి. 1832లో క్రెయిక్‌తోకూడ బ్రిస్టలునకు పోయి అచ్చటనే స్థిరపడెను. 1834లో పాఠశాలలు నడుపుటకును, బైబిళ్లు పంచుటకును, మిషనరీలకు సాయపడుటకును ఒక సంస్థను స్థాపించెను.

అనాథశరణాలయమును గూర్చిన తలంపు 1835లో వచ్చెను. హాలే పట్టణమున ఒక శతాబ్దమునకు పూర్వము ఫ్రాంకే అను భక్తుడు స్థాపించిన శరణాలయమును ముల్లరు ఎరుగును. ఆ భక్తుని చరిత్రను మరల చదువగా అట్టి పని బ్రిస్టలులో తాను చేయవలెనని తోచెను. బీదపిల్లల దుస్థితియే గాక మరియొక కారణము కూడ ఉండెను. తన సంఘములోని పనివారు పగలెల్ల శ్రమించి, ప్రార్థనకును పఠనమునకును తీరిక లేదనియు, తీరిక చేసికొన్నచో కూడు దొరకదనియు వాపోవుచుండిరి. దేవుడు నేటికిని మొర ఆలకించునని వారికి కంటికి కనబడు సాక్ష్యము చూపవలెనని ఆయన కోరిక.

ఇల్లు కావలెనని ప్రార్థించెను. సొమ్ము కావలెనని, పనిచేయువారు కావలెనని ప్రార్థించెను. అన్నియు సమకూడినవి. పిల్లలను చేర్చుకొనుటకు దరఖాస్తులు తీసికొనెదమని 1836 ఫిబ్రవరి 3వ తేదీని నియమించెను. ఆనాడు రెండుగంటలసేపు కూర్చుండినను ఒక్కరును రాలేదు! ఇంటికి నడచి పోవుచుండగా ఆయనకు స్ఫురించెను: ఇంటికొరకు, బల్లలకొరకు, వంటపాత్రలకొరకు అడిగినవాడు పిల్లలనిమ్మని అడుగలేదు. వారెట్లును వత్తురని అనుకొనెను. ఆ సాయంకాలము నేలపై సాష్టాంగపడి తన పొరపాటును ఒప్పుకొనెను. మరునాడు తొలి దరఖాస్తు వచ్చెను. ఆ యేడు ఏప్రిల్ 11వ తేదీన విల్సన్ వీధిలోని అద్దె యింట ఆడపిల్లల శరణాలయము ప్రారంభమయ్యెను. అటుతరువాత అదే వీధిలో మరి మూడు ఇండ్లు తెరచిరి.

1838వ సంవత్సరము మొదలుకొని కొన్నియేండ్లు కటకటగా గడచినవి. రేపటి రొట్టెకు నేడు డబ్బులేని దినములు లెక్కకు మిక్కిలి. అప్పు చేయకూడదు, పాలవానికిని రొట్టెవానికిని వారము బాకీ పెట్టకూడదు, చేతిలో సొమ్ము లేనిచో సరకు తీసికొనకూడదు అను నియమము ముల్లరు విధించుకొనెను. ఎవరితోను అక్కర చెప్పరాదు. అయినను పిల్లల భోజనము ఒక్కపూటయు తప్పలేదు. సరిగా భోజనవేళకు పాలబండి వాకిట విరిగినదని ఒక కథ లోకమున ప్రచారములో ఉన్నది. అద్భుతములు కోరువారికి అది ప్రీతి. కాని ముల్లరు దినచర్య పుస్తకమును చూచువారికి అంతకంటె విలువైనది కనబడును: ఫలానా దినమున ఇన్ని పెన్నీలు, ఫలానా దినమున ఒక పాత ఉంగరము, ఫలానా దినమున ఏమియు లేదు. ఏడ్పు లేదు, గొప్ప చెప్పుకొనుట లేదు. కరణము లెక్క వ్రాసినట్లు వ్రాసికొనెను.

1838 సెప్టెంబరులో జరిగిన సంగతి యొకటి. ఇక అమ్మదగిన వస్తువులు సైతము లేని స్థితి కలిగెను. లండనునుండి వచ్చిన ఒక స్త్రీ తన కుమార్తె శరణాలయమునకని పంపిన సొమ్మును తెచ్చి ఆనాడు చేతికిచ్చెను. ఆమె వచ్చి అప్పటికి నాలుగైదు దినములైనది. బస చేసినది శరణాలయము ప్రక్క యింటనే. అనగా ఆ నాలుగైదు దినములును ముల్లరును, ఆయన తోడి పనివారును పూటపూటకు ప్రార్థించుచుండగా, జవాబు గోడ కవతల ఉండెను. ముల్లరు దీనికి విసుగుకొనలేదు. సాయము చేయుటకు దేవునికి మొదటినుండి మనసున్నదనియు, అడుగుట యందు తమకు ఆనందము కలుగుటకే దానిని కొన్నాళ్లు ఆపెననియు ఆయన భావించెను. ఈ భావముతో అందరును ఏకీభవింపకపోవచ్చును. ఆకలిగొన్న పిల్లలకు ఆలస్యము ఆలస్యమే. కాని ఆకలి వారివరకు పోకుండ ముందుగా తన సొంత సామానులను, పనివారు తమ సొంత సామానులను అమ్మి పెట్టిరను సంగతియు మరువరాదు.

ఏటేట అచ్చువేయు నివేదిక మాత్రము పరోక్షముగ యాచించుట కాదా అని కొందరు విమర్శించిరి. అది త్రోసివేయదగిన విమర్శ కాదు. నివేదిక చదివిన వారికి జాలి కలుగుట సహజము. ముల్లరు దీనిని ఎరుగనివాడు కాడు. 1841 చివర సొమ్ము బొత్తిగా లేని సమయమున నివేదిక ప్రకటించు తరుణము వచ్చెను; అప్పుడు ప్రకటించినచో అడుగుకొన్నట్లగునని దానిని వాయిదా వేసెను. ఆ తరువాతి నాలుగు మాసములు అన్నింటికంటె గడ్డుగా గడచెను.

ఆ సంవత్సరమే, 1841 వసంతకాలమున, ఆయన అంతరంగ జీవితమున ఒక మార్పు జరిగినది. బయటి ఘనకార్యములకంటె ఇది ముఖ్యమని ఆయనే తలంచెను. అంతకుముందు పదియేండ్లకు పైగా ఉదయము లేచిన వెంటనే మోకాళ్లూని ప్రార్థనకు దిగుట ఆయన అలవాటు. అంతటి ప్రార్థనాపరుని మనస్సు మోకాళ్లమీద ఎట్లుండెను? మొదటి పది నిమిషములు, పావుగంట, ఒక్కొక్కప్పుడు అరగంటవరకు ఊరంతయు తిరిగివచ్చుచుండెను. గంట గడచినను ఊరట కలుగని దినములుండెను. ఇది ఆయన స్వయముగా ఒప్పుకొన్న సంగతి. మనస్సు నిలువదని దిగులుపడి ప్రార్థన మానుకొనువారు అన్ని మతములలోను ఉన్నారు. ముల్లరు పదియేండ్లు ఆ స్థితిలోనే మానక సాగెను.

అటుపిమ్మట వరుస మార్చెను. ముందు క్రొత్తనిబంధనలో కొన్ని వాక్యములు తీసికొని, ఒక్కొక్క మాటను నెమ్మదిగా ధ్యానించుట ప్రారంభించెను. ప్రసంగము కొరకు కాదు, ఇతరులకు బోధించుటకు కాదు; తన ఆత్మకు ఆహారము దొరకుటకు. కొలది నిమిషములలోనే ఆ వాక్యము ఒప్పుకోలుగానో, కృతజ్ఞతగానో, ఒకరి కొరకు విన్నపముగానో మారుచుండెను. ప్రార్థింపవలెనని కూర్చుండకయే ప్రార్థన వచ్చుచుండెను. ఒక మాటనుండి వలసినది దొరకిన తరువాత మరియొక మాటకు పోవును. చద్ది త్రాగనిదే పొలమునకు కదలని రైతువలె, లోపలి మనిషికి ఆహారము పెట్టనిదే దినపు పనికి పోరాదని ఆయన నిశ్చయించుకొనెను. పెద్ద అక్షరముల క్రొత్తనిబంధన ఒకటి చేతబట్టి పొలములలో నడచుచు ఇట్లు ధ్యానించుట ఆయనకు ఆరోగ్యమునకు కూడ అనుకూలించెను. ఇంత సులభమైన దానిని ఇన్నాళ్లు ఏ గ్రంథమును, ఏ బోధకుడును తనకు నేర్పలేదేమి అని ఆశ్చర్యపడెను. అప్పటికి ఆయన వయస్సు 35 దాటెను. ఆ పద్ధతిని జీవితాంతము విడువలేదు.

1845లో విల్సన్ వీధివాసి యొకడు పిల్లల సందడివలన ఇరుగుపొరుగువారికి కలుగు ఇబ్బందిని మర్యాదగా జాబు వ్రాసి తెలిపెను. ముల్లరు ఆ జాబును ప్రక్కన పెట్టలేదు. ఊరి వెలుపల సొంత కట్టడము కావలెనని నవంబరులో ప్రార్థింప మొదలుపెట్టెను. 35 దినములు ఒక్క పెన్నీ రాలేదు. 36వ దినమున, డిసెంబరు 10వ తేదీన, 1,000 పౌనులు వచ్చెను. పిమ్మట 1846 ఫిబ్రవరిలో ఆష్లీ డౌన్‌మీద స్థలమున్నదని తెలిసి, యజమానిని చూచుటకు సాయంకాలము ఆయన యింటికి పోగా, దుకాణమునకు పోయినాడనిరి. దుకాణమునకు పోగా, అప్పుడే ఇంటికి వెళ్లెననిరి. మరల ఇంటికి పోయినచో దొరకును. కాని రెండుమార్లు తప్పిపోవుటలో ఏదో భావమున్నదని, నేడు వలదు, రేపు చూచెదనని ముల్లరు ఇంటికి మరలెను. మరునాటి ఉదయము యజమాని ముచ్చట చెప్పెను. రాత్రి మూడుగంటలకు మెలకువ వచ్చి అయిదువరకు నిద్రపట్టలేదట. ఆ రెండుగంటలును అతని ఆలోచనయంతయు ఈ స్థలమును గూర్చియే. శరణాలయమునకైనచో ఎకరము 200 పౌనులకు గాక 120 పౌనులకే ఇత్తునని నిశ్చయించుకొనెనట. దాదాపు ఏడెకరముల స్థలము. ఒక రాత్రి ఆగుటవలన మిగిలినది 560 పౌనులు. లాటరీ టిక్కెట్టు కొన్న యువకుడు ఇరువది యేండ్లలో ఎంత దూరము నడచెనో ఈ ఒక్క రాత్రియే చెప్పగలదు.

300 మంది పిల్లలకు తగిన మొదటి కట్టడము 1849 జూనులో తెరువబడెను. తక్కిన నాలుగును వరుసగా 1857, 1862, 1868, 1870 సంవత్సరములలో సిద్ధమయ్యెను.

మొదటి కట్టడములో 1857 నవంబరు మాసాంతమున జరిగిన సంఘటన యొకటి కలదు. ఇల్లంతటిని వెచ్చగా ఉంచు నీటిబాయిలరు కారుచున్నదని కనుగొనిరి. దానిచుట్టు ఇటుకకట్టు ఉండుటచే, కట్టు విప్పినగాని చిల్లి ఎక్కడనున్నదో తెలియదు. విప్పవలెనన్న నిప్పు ఆర్పవలెను. ఆ దేశపు చలికాలమున 300 మంది పిల్లలు, అందు పసివారు పెక్కుమంది, వెచ్చదనము లేకుండ ఎట్లుండగలరు? మరమ్మతుకు దినము నిర్ణయించిన తరువాత ఎముకలు కొరుకు ఉత్తరపుగాలి మొదలయ్యెను. ముల్లరు రెండు కోరికలు కోరెను: ఉత్తరపుగాలి దక్షిణపుగాలిగా మారవలెను, పనివారికి పనిచేయు మనసు కలుగవలెను. ముందటి సాయంకాలమువరకు ఉత్తరపుగాలియే వీచెను. నియమించిన దినమున గాలి దక్షిణమునకు తిరిగెను. వాతావరణము నిప్పు అక్కరలేనంత వెచ్చబడెను. ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున పని యెంతవరకు వచ్చినదో చూచుటకు ఆ సంస్థ యజమాని రాగా, రాత్రియంతయు పనిచేసెదమని పనివారు తమంతట తామే ముందుకు వచ్చిరి. సుమారు 30 గంటలలో కట్టు తిరిగి కట్టి నిప్పు రాజవేసిరి. ప్రార్థించిన ముల్లరు పనివారిని పిలువకుండ కూర్చుండలేదు. పనివారిని పిలిచితినిగదా అని ప్రార్థన మానలేదు.

అడిగినవెల్ల దొరకినవా? లేదు. 1835లో ఆయన చిన్నకుమారుడు ఎలైజా ఏడాది దాటిన పసితనమున మరణించెను. 1870 ఫిబ్రవరి 6వ తేదీన, ఐదవ కట్టడము తెరచిన కొద్దికాలమునకే, 39 ఏండ్లు తోడునీడగ ఉండిన మేరీ కన్నుమూసెను. ఆమె స్వస్థతకై ఆయన ప్రార్థింపకపోలేదు. పిమ్మట ప్రార్థనకూటమునకు పోయి ఆమెనిచ్చినందుకు దేవునికి కృతజ్ఞత తెలిపెను. భూస్థాపన ఆరాధనను స్వయముగా జరిపెను. తరువాత జబ్బుపడెను. ఓపిక యనగా దుఃఖము లేకపోవుట కాదని ఆ జబ్బు తెలుపుచున్నది.

మిషనరీగా పోవలెనని యౌవనమున పలుమార్లు కోరి, పలుమార్లు అడ్డుపడిన కోరిక 70వ యేట ఫలించెను. 1871లో మరల వివాహమాడియుండెను. శరణాలయముల భారమును అల్లుడైన జేమ్సు రైటునకు అప్పగించి, 1875 మొదలు 1892 వరకు భార్యతోకూడ 42 దేశములు తిరిగి బోధించెను. ఆ ప్రయాణములు మొత్తము రెండులక్షల మైళ్లు. భారతదేశమునకు రెండుమార్లు వచ్చెను. రెండవమారు వచ్చినపుడు, 1890 జనవరిలో జబల్పూరునందుండగా, ఏకైక కుమార్తె లిడియా బ్రిస్టలునందు మరణించినట్లు తంతివార్త అందెను. అప్పటికి ఆయనకు 84 ఏండ్లు.

ఆయన చేతిమీదుగా ధర్మకార్యములకు వ్యయమైన సొమ్ము దాదాపు 15 లక్షల పౌనులు. ఆయన కాలమున శరణాలయములలో పెరిగిన పిల్లలు పదివేలకు పైబడిరి. ఇవి పెద్ద లెక్కలు. కాని ఆయన పుస్తకములో ఒక చిన్న లెక్క ఉండెను. 1844 నవంబరులో ఐదుగురు మనుష్యుల మారుమనస్సు కొరకు ప్రతిదినము ప్రార్థించుటకు ఆయన పూనుకొనెను. జబ్బుగానున్నను, ప్రయాణములోనున్నను, సముద్రముమీదనున్నను ఒక్కదినము తప్పలేదు. 18 మాసములకు మొదటివాడు మారెను. ఆయన దేవునికి స్తుతి చెల్లించి నలుగురికొరకు సాగించెను. మరి ఐదేండ్లకు రెండవవాడు. మరి ఆరేండ్లకు మూడవవాడు. మిగిలిన యిద్దరు ఆయన యౌవనకాలపు మిత్రుని కుమారులు. 36 ఏండ్లు గడచిన తరువాత ఒక ప్రసంగమున ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు వారు ఇంకను మారలేదు. చెప్పుచున్నప్పుడు ఆయన మాటలో నిరాశ లేదు. ఆ యిద్దరి పేర్లు ఆనాటి ఉదయపు ప్రార్థనలో ఉండెను, మరునాటి ప్రార్థనలోను ఉండెను.

1898 మార్చి 9వ తేదీ బుధవారము సాయంకాలము, 92 ఏండ్ల వృద్ధుడైన ముల్లరు మూడవ శరణాలయమున ఎప్పటివలె ప్రార్థనకూటము నడపి తన గదికి పోయెను. మరునాడు ఉదయము ఏడుగంటల ప్రాంతమున సేవకురాలు తేనీరు తీసికొనిపోయి తలుపు తట్టగా జవాబు లేదు. ఆయన మంచముప్రక్క నేలమీద పడి మరణించియుండెను. అంత్యక్రియలనాడు బ్రిస్టలు నగరమున వేలాదిమంది వీధులకిరువైపుల నిలిచిరి. ఆయన సొంత ఆస్తిని లెక్కకట్టగా, ఇంటి సామానులు, పుస్తకములు కలుపుకొని, 160 పౌనులు తేలెను.